బోరు పక్క చాలు

వనపర్తి,
8 సెప్టెంబరు 2024

ప్రియమైన నాయనకు,

నీకు ఫోనులో వినపడదు కనుక రాస్తున్నాను. గది కుదిరింది. డ్రాయింగ్ పరీక్ష పాసై, పని దొరకక చేనుకు వచ్చిన పదకొండేళ్లకు మళ్లీ కుంచె పట్టాను. మొదటి రెండు రోజులు దాన్ని కూడా పత్తి మొగ్గ గిల్లినట్టే పట్టుకున్నాను.

బొమ్మల దుకాణం శైలజ మేడం హోటళ్ల గోడలకు ప్రకృతి చిత్రాలు వేయించి ఇస్తుంది. నన్ను ఐదు వేయమంది. ఐదూ నచ్చితే ఏడాది పొడవునా పని. లేకపోతే తిరిగి మన చేనుకే వస్తాను. గుట్ట, కృష్ణ ఒడ్డు, తంగేడు, గొర్రెల మంద అయ్యాయి. ఐదోది విత్తనాలకు వేసే మన సీడ్ పత్తి చేను. అది కళ్లు మూసుకుని వేయగలను.

మందులు మరిచిపోకు.

నీ బిడ్డ,
రజిత

గట్టు,
13 సెప్టెంబరు

ప్రియమైన బిడ్డ రజితకు,

ఉత్తరం అందింది. వాన ఒకటి పడింది. పూలు రుద్దే క్రాసింగ్ పని జోరుగా ఉంది. బోరు పక్కన నీవు గిల్లే చాలు ఎవరికీ ఇవ్వలేదు. జమ్ములమ్మ రోజూ అడుగుతుంది: "రజిత ఎప్పుడొస్తది మామా? దాని చాలు గుడ మా నెత్తిన్నేనా?" "రంగులు అయిపోతె వస్తది" అన్నాను. అందరూ నవ్వారు.

నిన్ను ఆపను. కానీ మొగ్గ ఆగదు. సాయంత్రం గిల్లకపోతే తెల్లారి పూస్తుంది, తన పుప్పొడి తనకే అంటి విత్తనం కల్తీ అవుతుంది. నీ చాలు నేనే గిల్లుతున్నాను. చూపు ఆనడం లేదు. వస్తావో రావో ఒక మాట రాయి.

మీ నాయన,
భీమన్న

వనపర్తి,
18 సెప్టెంబరు

ప్రియమైన నాయనకు,

నాలుగు నచ్చాయి. ఐదోది మేడం తిప్పి ఇచ్చింది. "పత్తి చేనన్నవు, ఒక్క పువ్వు లేదేంది? ఈ ఎర్ర ముక్కలేంది రజితా, తోరణాలు కట్టినవా?" అంది.

సాయంత్రం మొగ్గ ఒలిచి రేకులు, పుప్పొడి తీసేస్తామనీ, గుర్తుకు ఎర్ర కాగితం తొడిగి, పొద్దున వేరే మడిలోని మగ చెట్ల పువ్వు తెచ్చి రుద్దుతామనీ చెప్పాను.

"అయితె మీ చేను పూయనే పూయదా?"

పూయదు. ఇన్నేళ్లు ఆ చేనులో ఉండి పూసిన పత్తి చెట్టును నేను సరిగా చూడలేదు. మగ పూలు కూడా నీవు తెంపి బుట్టలో తెచ్చినవే చూశాను. ఫోనులో ఫొటో చూసి మళ్లీ వేశాను. అది కాగితం పువ్వులా ఉందట. ఇంకో పది రోజులు గడువిచ్చింది.

నాకు చేతకాదేమో. ఆదివారం వస్తున్నాను. నా చాలు అట్లే ఉంచు.

నీ బిడ్డ,
రజిత

గట్టు,
5 అక్టోబరు

ప్రియమైన బిడ్డ రజితకు,

మేడం ఐదోది కూడా తీసుకుందని రాశావు. సంతోషం.

ఆ ఆదివారం నీవు వస్తూనే సంచి దించి ఎర్ర కాగితాలు అడిగావు. నీ ఉత్తరం చూసి నేను పూలు తెంపకుండా ఉంచిన మగ చెట్టు దగ్గరికి తీసుకుపోయాను. పొద్దున వెన్న రంగులో ఉన్న పువ్వు మర్నాటికి గులాబీ రంగుకు వచ్చింది. రెండు రోజులు నీవు అక్కడి నుంచి కదలలేదు. "నాయనా, రంగు మారుతదని నాకు ఎన్నడు చెప్పకపోతివి" అన్నావు. నాకు వినపడలేదనుకున్నావు. వినపడింది. నాకూ తెలియదు. ముప్పై ఏళ్లుగా మగ పువ్వును పొద్దున్నే తెంపాను. మర్నాటి దాకా ఒక్కటీ చెట్టున ఉండనివ్వలేదు.

మేడం తిప్పి ఇచ్చిందని నీవు ఇక్కడ వదిలిపోయిన ఎర్ర కాగితాల చిత్రం పనివాళ్లకు చూపించాను. జమ్ములమ్మ వేలు పెట్టి, "ఇది నా చాలే. కాగితం గిట్ల వంకరగ తొడిగేది నేనే గదా" అంది.

"నీదేందత్తా, నాది" అంది ఆమె కోడలు నవ్య.

అరగంట పని ఆగింది. చిత్రాన్ని మోటరు గదిలో తగిలించాను. కాయ పట్టి విత్తనంలో కలవకుండా ఆ మగ చెట్టు పీకేశాను.

నవ్య చెయ్యి నీ అంత నెమ్మది కాదు, కానీ నేర్చుకుంటుంది. నీ చాలు ఆమెకు ఇచ్చాను.

మీ నాయన,
భీమన్న