టిబ్బెట్ల రక్తం

విన్‌యార్డ్, టాస్మేనియా
మే 1988

అమ్మా,

నువ్వూ హేజెల్ పిన్నీ బండబర్గ్ ఎండలో హాయిగా ఉన్నారని నీ కార్డు చూసి తెలుసుకున్నాను. ఇక్కడ చలి మొదలైంది. బంగాళాదుంపలు తవ్వడం అయిపోయింది, రోడ్డంతా ఎర్రమట్టే. ఇలాంటి కబుర్లే రాద్దామని కూర్చున్నాను. కాని చెయ్యి సాగడం లేదు.

డాక్టర్ పాస్కో నీకు గుర్తుండే ఉంటుంది. నాన్న జబ్బు మీద పరిశోధన చేస్తూ హోబార్ట్ నుంచి వచ్చేది, ఆ పొడుగాటావిడ. నాన్న బతికుండగా వచ్చి ఆయన రక్తం తీసుకెళ్ళింది. ఆవేళ ఆవిడకి నువ్వు టీ కూడా ఇవ్వలేదు. "చచ్చేవాడి దగ్గర ఇంకా ఏం పీలుస్తారు?" అన్నావు. ఆవిడంటే నీకెందుకంత ఒళ్ళుమంటో నాకు అప్పుడు అర్థం కాలేదు.

పోయిన వేసవిలో ఆవిడ మళ్ళీ వచ్చింది. ఒకే వంశంలో వీలైనంత మంది రక్తం దొరికితే, జబ్బు వచ్చినవాళ్ళనీ రానివాళ్ళనీ పోల్చి చూసి, ఎవరికి రాబోతోందో ముందే చెప్పవచ్చట. నాన్నవాళ్ళ టిబ్బెట్లంత పెద్ద వంశం ఈ దీవిలో దొరకదట. నేనే ఆవిడని కారులో ఎక్కించుకుని ఇంటింటికీ తిప్పాను. మొహం మీద తలుపేసిన వాళ్ళని బతిమాలాను. పొలంలో ట్రాక్టర్ దిగనన్న ఆల్బీ బాబాయి చొక్కా చెయ్యి నేనే పైకి మడిచి పట్టుకున్నాను. రెక్స్ కూడా ఇచ్చాడు. "సూది చూస్తే నాకు కళ్ళు తిరుగుతాయక్కా, నా చెయ్యి పట్టుకో" అన్నాడు. పట్టుకున్నాను. నా తమ్ముడి కోసం, వాడి కూతురు లీనెట్ కోసం ఇదంతా చేస్తున్నానని నాకు గర్వంగా ఉండేది.

మొన్న అందరినీ రెండోసారి రక్తం ఇవ్వడానికి రమ్మన్నారు. నన్ను పిలవలేదు. మరిచిపోయారనుకుని బర్నీ ఆస్పత్రికి వెళ్ళాను.

"మరిచిపోలేదు. మీది ఇక అక్కర్లేదు," అంది డాక్టర్ పాస్కో.

"ఎందుకని?"

ఆవిడ లేచి వెళ్ళి తలుపు వేసి వచ్చింది. "కోరలీ, మీకు ఈ జబ్బు రాదు. నేను చెప్పగలిగింది అంతే. ఇంటికెళ్ళి నిశ్చింతగా ఉండండి."

"అదేమిటి, రావడానికీ రాకపోవడానికీ సగం సగం అవకాశం అన్నారుగా. పరీక్షలు పూర్తవకుండానే ఎలా చెబుతున్నారు?"

ఆవిడ కలం మూత తీసి, మళ్ళీ పెట్టింది. తరవాత మెల్లిగా అంది: "ఆయన పిల్లలకి సగం."

నేను సంచీ తీసుకుని లేచాను. "ఇలాంటివి బయటపడితే చెప్పకూడదని మాకు నియమం," అందావిడ. "కాని మీరు నా పక్కన కూర్చుని కారు నడుపుతూ, చేతులు వణుకుతున్నాయేమో అని మాటిమాటికీ చూసుకోవడం నేను చూశాను. చెప్పకుండా ఉండలేకపోయాను. ఇంకేమన్నా అడగాలంటే, అడగాల్సింది నన్ను కాదు."

నిజం చెప్పాలంటే ముందు సంతోషమే వేసింది. కాగితం మిల్లు వాసనలో కారు ఆపుకుని, స్టీరింగ్ మీద తల పెట్టి, రాదు, నాకు రాదు అనుకుంటూ నవ్వాను. తరవాత లాన్సెస్టన్ గుర్తొచ్చింది. నవ్వు ఆగిపోయింది.

అమ్మా, ఇవన్నీ నీకు తెలిసినవే. అయినా నా చేతిరాతలో ఒకసారి చదువు. నాన్న కాళ్ళూ చేతులూ అదుపు తప్పిన ఏడాది నాకు ఇరవయ్యొకటి. వెస్లీ ట్రెవీనా ఇచ్చిన ఉంగరం నా వేలికి ఉంది. ఇది వంశంలో నడిచే జబ్బని డాక్టరు చెప్పిన వారంలోనే దాన్ని తిరిగి ఇచ్చేశాను. పుట్టబోయే పిల్లలకి ఈ నరకం ఇవ్వలేనని అతనితో అన్నాను. అతను ఏడ్చాడు. మూడేళ్ళ తరవాత, ఎందుకైనా మంచిదని, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నాను. లాన్సెస్టన్ ఆస్పత్రికి నన్ను తీసుకెళ్ళింది నువ్వే. వరండాలో కూర్చుని ఊలు అల్లుకున్నావు. నేను బయటికొచ్చాక దారిలో బేకరీ దగ్గర ఆపి నాకు తినడానికి స్కాలప్ పై కొనిపెట్టావు.

ఆ తరవాత పదహారేళ్ళు నాన్నని నేనే ఎత్తాను, నేనే కడిగాను, నేనే తినిపించాను. ఆయన మోచెయ్యి తగిలి నా ముందరి పన్ను ఊడింది. నువ్వు ఐసు ముక్క గుడ్డలో చుట్టి ఇచ్చావు. చేతిలోంచి చెంచా జారిన ప్రతిసారీ నాకూ మొదలైందనుకునేదాన్ని. పొద్దున్నే వంటింట్లో నేలచెక్కల గీత మీద తూలకుండా నడవగలనో లేదో చూసుకునేదాన్ని. నువ్వు పొయ్యి దగ్గర నిలబడి అది చూసేదానివి. ఒక్కసారి కూడా ఎందుకలా నడుస్తున్నావని అడగలేదు.

అదే రెక్స్‌కి పెళ్ళి చేశావు. నిజంగా ప్రమాదం ఉన్నది వాడికి. వాడికి కూతురు పుడితే నువ్వే కేకు చేశావు.

నేను ఎవరి కూతుర్ని? నాన్నకి తెలుసా? ఆ వరండాలో ఊలు అల్లుకుంటూ నువ్వు ఏమనుకున్నావు? నాకు ఈ మూడూ చెప్పు.

నీ కూతురు,
కోరలీ


బండబర్గ్
జూన్ 1988

కోరలీకి,

నీ ఉత్తరం హేజెల్ కంట పడకుండా బాత్రూములో కూర్చుని చదవాల్సొచ్చింది. ఇలాంటివి రాసేటప్పుడు కవరు మీద నా పేరు పెద్ద అక్షరాలతో రాయి. ఇక్కడ ఉత్తరాలు అదే విప్పుతుంది.

ఆ డాక్టర్ని మొదటి రోజే గుమ్మం ఎక్కనివ్వకుండా ఉండాల్సింది. నువ్వు దాన్ని నెత్తిన పెట్టుకుని ఊరంతా తిప్పావు. ఇప్పుడు నన్ను నిలదీస్తున్నావు.

అడిగావు కనక చెబుతాను. ఒకసారే చెబుతాను, మళ్ళీ అడక్కు. మీ నాన్న చెరుకు కోతకని ఈ క్వీన్స్‌లాండ్‌కే వచ్చి ఏడాదంతా ఉండిపోయాడు. నేను అంబ్రోస్ ట్రెవీనా డెయిరీలో పాలు పితికేదాన్ని. మిగతాది నీకు రాయక్కర్లేదు. మీ నాన్న తిరిగొచ్చేసరికి నువ్వు కడుపులో ఉన్నావు. ఆయనకి నెలలు లెక్కపెట్టడం వచ్చు. ఒక రాత్రి బయట కొట్టంలో పడుకున్నాడు, పొద్దున లోపలికొచ్చి టీ అడిగాడు. ఆ తరవాత ఆ మాటే ఎత్తలేదు. కనక తెలుసు. ఆయనకి మొదటినుంచీ తెలుసు.

ఊళ్ళో అంతమంది కుర్రాళ్ళుండగా నీకు ఆ అంబ్రోస్ కొడుకు వెస్లీయే దొరికాడు. ఉంగరం చూపించడానికి నువ్వు వంటింట్లోకి పరిగెత్తుకొచ్చిన రోజు నా చేతులకి పిండి ఉంది. ఆ పిండి కడుక్కుంటూ కుళాయి దగ్గర ఎంతసేపు నిలబడ్డానో నాకు తెలీదు. నీ అన్నని నువ్వు పెళ్ళాడబోతున్నావు. నేనేం చెయ్యాలి? చర్చిలో లేచి చెప్పాలా? సరిగ్గా అప్పుడే మీ నాన్న చేతులు అదుపు తప్పడం మొదలైంది, డాక్టరు వంశంలో నడిచే జబ్బన్నాడు. నేను ఒక్క మాట అనలేదు కోరలీ. నువ్వే ఉంగరం తీసేశావు. దేవుడు నా పని చేసిపెట్టాడనుకున్నాను.

వెస్లీకి పెళ్ళయిపోయాకైనా చెప్పచ్చుగా అంటావు. అనుకున్నాను. కాని అప్పటికి నువ్వు మీ నాన్నని ఎత్తడం నేర్చుకున్నావు. నాకు ఎత్తే నడుం లేదు. రెక్స్ మగపిల్లాడు, వాడు పడవల మీద పనికి పోయాడు. నీకు రాదని తెలిస్తే నువ్వు ఏ వారమో సూట్‌కేసు సర్దుకునేదానివి. నీ తరవాత ఆయన్ని ఎవరు ఎత్తుతారు? ఇంతకన్నా మంచి కారణం కావాలంటే నా దగ్గర లేదు.

ఒకసారి మీ నాన్న, ఇంకా మాట తిరుగుతున్న రోజుల్లో, "అమ్మాయికి చెప్పేద్దాం వెర్నా" అన్నాడు. "చెప్పు, రేపట్నుంచి నీకు సూప్ ఎవరు తాగిస్తారో చూద్దాం" అన్నాను. ఆయన మళ్ళీ అనలేదు. కాబట్టి నన్నొక్కదాన్నే తిట్టుకోకు.

ఆపరేషన్ నీ ఆలోచన. నేను కారు నడిపాను, అంతే. వద్దంటే ఎందుకని అడిగేదానివి. వరండాలో ఏమనుకున్నానంటావా? అల్లిక కుట్లు లెక్కపెట్టుకున్నాను.

ఆగస్టులో నాకు తుంటి ఆపరేషన్. హేజెల్ చేతిలో ఏం పని జరగదు, దానికి కప్పు కడగడమే రాదు. ఇల్లు రెక్స్‌కి అప్పగించి వచ్చెయ్యి. వెనక గది ఖాళీగా ఉంది, కిటికీలోంచి మామిడిచెట్టు కనిపిస్తుంది. నీకు చలి బాధ తప్పుతుంది. జరిగింది జరిగింది, నీ వయసు మనుషులు ఇంకా ఇలాంటివి పట్టుకు కూర్చోకూడదు.

అమ్మ


విన్‌యార్డ్
జులై 1988

అమ్మా,

నీ ఉత్తరం అందగానే జవాబు రాయలేదు. ముందు వెస్లీ దగ్గరకి వెళ్ళాను. అతనికి తెలియకపోతే తెలియాలి కదా అనుకున్నాను. పశువుల సంతలో కంచె మీద కూర్చుని ఉన్నాడు.

"మీ నాన్న గురించి నీకో మాట చెప్పాలి వెస్లీ," అన్నాను.

అతను కిందికి దిగలేదు. "నాకు తెలుసు కోరలీ."

"ఎప్పట్నుంచి?"

"ఉంగరం కొన్న నెలలోనే నాన్న చెప్పాడు. నీకెలా చెప్పాలో తెలీక తిండి మానేశాను. ఇంతలో నువ్వే వచ్చి, జబ్బు అదీ అని చెప్పి ఉంగరం చేతిలో పెట్టావు. నాకు పెద్ద గండం తప్పినట్టయింది."

"ఏడ్చావు కదా."

"అవును. బతికిపోయానని కూడా ఏడుస్తారు."

"నేను ఆపరేషన్ చేయించుకున్నాను వెస్లీ."

"విన్నాను," అన్నాడు, దూడల వైపు చూస్తూ. "అప్పటికి మా పెద్దాడు పుట్టాడు. ఇప్పుడెందుకు కెలకడం అని ఊరుకున్నాను. నువ్వు మా పిల్లలకి ప్రతి క్రిస్మస్‌కీ స్వెటర్లు అల్లి పంపేదానివి కదా, మా ఆవిడ చూసి పాపం అనేది."

అతన్ని నేను త్యాగం చేశాననుకుంటూ బతికాను. ఆ ఒక్కటీ నాదనుకున్నాను. అది కూడా మీ అందరికీ కుదిరిన ఏర్పాటేనని అక్కడ దూడల అరుపుల మధ్య తెలిసింది. ఇంటికొచ్చి ఒక రోజంతా మంచం దిగలేదు.

తరవాత రెక్స్‌కి కబురొచ్చింది. వాడికి ఉంది. వాడి రక్తానికి పరీక్షలన్నీ అయ్యాయి, సందేహం లేదన్నారు. డాక్టర్ పాస్కో హోబార్ట్ నుంచి స్వయంగా వచ్చి చెప్పి వెళ్ళింది. రెక్స్ తిన్నగా నా వంటింట్లోకి వచ్చాడు. నేను ఏడుస్తుంటే చూసి, "నీకెందుకు ఏడుపు? నువ్వు టిబ్బెట్‌వి కాదుగా" అన్నాడు. నేనే వాడికి చెప్పాను నా సంగతి, దాచడం నాకిక చేతకాదు. ఆ మాట అని బల్ల మీద తల పెట్టుకున్నాడు. లేచి వెళ్ళేటప్పుడు, "ఇన్నేళ్ళూ మనిద్దరిలో నువ్వే దురదృష్టవంతురాలివని జాలిపడ్డానక్కా. తమాషాగా లేదూ?" అన్నాడు.

ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. రెక్స్ చేతులు ఇంకా బానే ఉన్నాయి, కోపమే ముందు వచ్చింది, జబ్బు మొదట్లో నాన్నకి వచ్చినట్టే. లీనెట్‌కి డెలొరైన్‌లో గుర్రాలకి లాడాలు కొట్టే పని నేర్పేవాళ్ళు చోటిచ్చారు. సోమవారం చేరాలి. రెక్స్ భార్య గ్లెనిస్ కూతుర్ని పోనివ్వనంది.

"ముందుముందు ఇంట్లో ఆడపిల్ల ఉండాలి కదా కోరలీ," అంది. "నువ్వు చూసుకోలేదా మీ నాన్నని? ఎవరినీ ఒక్క మాట అనకుండా ఎంత ఓర్పుగా చూశావు. అదే చెబుతున్నా దీనికి, అత్తని చూసి నేర్చుకో అని."

నాకు నీ గొంతు వినిపించింది. గ్లెనిస్ చెడ్డది కాదు, భయపడింది అంతే. నువ్వు కూడా భయపడే ఉంటావు. ఆ మాట నీకు ఇస్తున్నాను, ఇంకేం ఇవ్వలేను.

"రెక్స్‌ని నేను చూసుకుంటాను," అన్నాను. "ఎత్తాల్సిన రోజు వచ్చినప్పుడు ఎత్తుతాను. నాకు వచ్చిన పని అది. కాని లీనెట్ రేపే వెళ్ళాలి. అది గుమ్మం దాటకపోతే నేను గుమ్మం ఎక్కను."

గ్లెనిస్ ఏడ్చింది. రెక్స్ లేచి కూతురి బూట్లు తెచ్చి దాని ముందు పెట్టాడు.

సోమవారం నేనే దాన్ని డెలొరైన్‌లో దింపాను. దారిలో, "అత్తా, నాకూ వస్తుందా?" అంది.

"రావచ్చు. రాకపోవచ్చు. పరీక్ష చేయించుకుంటావో మానుతావో నీ ఇష్టం. కాని అది చూపించి ఎవరన్నా నిన్ను కూర్చోబెట్టాలని చూస్తే కూర్చోకు. నేను చెప్పినా సరే."

అది గుర్రాల కొట్టంలోకి వెనక్కి చూడకుండా వెళ్ళింది. నాకు బాగుంది.

నేను బండబర్గ్ రాను. ఆగస్టులోనూ రాను, తరవాతా రాను. ఇక మీదట ఉత్తరాలు రాయకు, వచ్చినా విప్పను. ఆస్పత్రిలో అడిగితే ఇంటికి మనిషిని పంపిస్తారు, జీతానికి ఎత్తుతారు. ఎత్తేటప్పుడు వాళ్ళ మెడకి వేలాడకు, ఇద్దరూ పడతారు. మోచెయ్యి దగ్గర పట్టుకుని, వాళ్ళు చెప్పేదాకా బరువు వెయ్యకుండా ఆగు. మొదటి వారం నొప్పి చాలా ఎక్కువగా ఉంటుందట.

కోరలీ