ఊసరవెల్లిని తాకితే మూడు రోజులు

బెమంగ, అంబంజ దగ్గర
మే 22

కొండల మీద చలిలో పనిచేస్తున్న మా ఆయన తుంబు గారికి, సువావిత నమస్కారాలు.

ముందుగా నా రాతను, తప్పులను క్షమించండి. నేను బడికి వెళ్ళింది నాలుగేళ్ళు. అందులో ఒక ఏడాది తుపానుకు బడి కప్పు ఎగిరిపోయింది. అక్షరాలు వంకరగా ఉంటే నా చేతి తప్పు. మాటలు వంకరగా ఉంటే ఆ ఏడాది తప్పు.

మీరు పంపిన పెట్టె నిన్న బషీరు బండిలో చేరింది. దారిలో మూత సందులోంచి తోక బయటికొచ్చిందట. అప్పటినుంచి బండిలో పదకొండు మందీ ఒకే పక్కకు ఒరిగి కూర్చున్నారట. "ఇంకోటి పంపితే బండిని రెండు చక్రాల మీద నడపాలమ్మాయ్, మీ ఆయనకు రాయి" అన్నాడు బషీరు.

ఊసరవెల్లి పిల్ల బతికే ఉంది. నా చూపుడు వేలంత కూడా లేదు. రోజూ మనం తాగేట్టే అన్నం మాడు మీద నీళ్ళు పోసి, మరగనిచ్చి, చల్లార్చి గిన్నెలో పెట్టాను. అంతకంటే మంచి నీళ్ళు మన ఇంట్లో ఏమున్నాయి? తాగలేదు. అన్నం పెట్టాను, తినలేదు. అరటిపండు పెడితే దాని మీదెక్కి నడిచింది. ఒక కన్నుతో నన్ను చూస్తుంది, రెండో కన్నుతో రోడ్డు వైపు చూస్తుంది. నాకు మాత్రం రెండు కళ్ళూ రోడ్డు మీదే ఉంటాయి. మీరు వెళ్ళి ఎనిమిది నెలలైంది. మన కాపురం మూడు నెలలు.

అత్తయ్య ఒక మాట రాయమన్నారు, అందుకే రాస్తున్నాను. దాన్ని చేత్తో తాకిన ఆడదాన్ని మొగుడు మూడు రోజులు ముట్టకూడదు, మొగవాడు తాకినా అంతే. మీరు ఎలాగూ ఇక్కడ లేరు కదా అన్నాను. "లేడు కదా అని ఇవాళ తాకుతావు, వచ్చినరోజు మర్చిపోయి తాకుతావు. అప్పుడు ఏడుస్తావే" అన్నారు. అందుకని అన్నం కలిపే గరిటెతో జరుపుతున్నాను.

ఇట్లు,
మీ సువావిత

తా.క.: పెట్టెలో ఒక కాగితం ఉంది. మీ రాత అని గుర్తుపట్టేలోపే అత్తయ్య దానితో బొగ్గులు రాజేశారు. అందులో ఏముందో మళ్ళీ రాయండి. ఈ ఉత్తరం చదివి కాల్చేయండి. మీ గదిలో వాళ్ళు చూసి నవ్వుతారు.

* * *

మే 30

సువావితా,

నీ అక్షరాలు వంకరగా లేవు. కొంచెం ఒరిగాయంతే, బషీరు బండిలో జనంలాగా.

ఆ కాగితంలో ఉన్నదంతా మళ్ళీ రాస్తున్నాను. ఈసారి పొయ్యికి దూరంగా పెట్టు. అది గిన్నెలో నీళ్ళు తాగదు, వాటిని నీళ్ళని కూడా అనుకోదు. ఆకుల మీద చుక్కలు మెరిస్తే నాలుకతో అందుకుంటుంది. అందుకని పొద్దున, సాయంత్రం దాని కొమ్మల మీద సన్నని తుంపరలా నీళ్ళు చల్లు. కళ్ళు లోపలికి పోయినట్టుంటే దాహంగా ఉన్నట్టు. తిండికి బతికున్న కీచురాళ్ళు, చిన్న మిడతలు వెయ్యి. దాని రెండు కళ్ళ మధ్య ఎడం కంటే పెద్దవి వేయకు, గొంతులో పడతాయి. ఆ మిడతలకు ముందు ఆకులు మేపాలి. పొట్లంలో తెల్లపొడి పంపుతున్నాను, వారానికి రెండుసార్లు మిడతల మీద చిటికెడు చల్లి వెయ్యి. అది ఎముకలకు బలం. బోనులో సగం ఎండ, సగం నీడ ఉండాలి.

ఎందుకు పంపానో కూడా ఆ కాగితంలోనే ఉంది. ఈ చలికి ఇక్కడ పిల్లలన్నీ నల్లబడి ముడుచుకుంటున్నాయి. నేనూ అంతే. ఈ ఊసరవెల్లుల పెంపకం నడిపే మా పెద్దాయన అన్నాడు: "వెచ్చటి ఊళ్ళో, మామూలు ఇంట్లో ఇది జూలై దాకా బతికి బరువు పెరిగితే, పెంపకం అంబంజలోనే మొదలుపెడదాం. నిన్ను అక్కడికే పంపిస్తా." అది బతికితే నేను ఇంటికొచ్చేస్తాను, సువావితా. ఇంతకంటే రాయడం నాకు చేతకాదు.

అమ్మతో చెప్పు, బండెక్కేముందు ఇచ్చిన మాట మీదే ఉన్నాను. నేను ఇక్కడ బోన్లు కడుగుతాను, ఆకులు కోస్తాను. ఒక్కదాన్నీ తాకను.

నీ తుంబు

తా.క.: కాల్చేయమన్నావు. అగ్గిపెట్టె చెమ్మగిల్లింది. ఎండ రాగానే చూస్తాను.

* * *

జూన్ 18

తుంబు గారికి నమస్కారాలు. ఈసారి రాత ఇంకా పాడుగా ఉంటుంది, చివరిదాకా చదివితే ఎందుకో తెలుస్తుంది.

బషీరు మొదటి రోజు పొట్లం ఇచ్చి, ఉత్తరం టోపీలో పెట్టుకుని మర్చిపోయాడు. అది నా చేతికొచ్చింది పదకొండు రోజుల తర్వాత. ఆలోపు అత్తయ్య పొట్లం విప్పారు. "చూశావా, మొహానికి పూసుకునే పొడి పంపాడు నా కొడుకు! ఇక్కడి చెక్క గంధంలా అరగదీసి అరగదీసి నా చేతులు పోతున్నాయని వాడికి తెలుసు" అని నీళ్ళతో కలిపి మొహమంతా పట్టించి, మీ మేనత్త కూతురి పెళ్ళికి వెళ్ళారు. ఎండకు అది సున్నంలా బిగుసుకుపోయింది. నవ్వడానికి లేదు, మాట్లాడ్డానికి లేదు. ఇంత గంభీరంగా ఉన్న పెద్దావిడను ఎప్పుడూ చూడలేదని పెళ్ళికొడుకు వాళ్ళు మొదటి పళ్ళెం ఆవిడకే పెట్టారు. ఇంకాస్త పొడి పంపమంటున్నారు.

మీ ఉత్తరం చదివాక పొలం గట్ల మీద పడి బుట్టెడు మిడతలు పట్టాను. రెండు రోజులు ఆకులు మేపాను. నీళ్ళకు వెళ్ళొచ్చేసరికి అత్తయ్య వాటిని ఉప్పేసి వేయించి పెట్టుకున్నారు. "నా నోటికి ఏం కావాలో నువ్వైనా గుర్తుపెట్టుకున్నావే" అని నా తల నిమిరారు. నేనూ నాలుగు తిన్నాను. మళ్ళీ పట్టుకొచ్చాను.

నీళ్ళు చల్లడానికి మన దగ్గర ఏమీ లేదు కదా. బొగ్గుల ఇస్త్రీపెట్టె వేడెక్కాక బట్టల మీద ఎలా చల్లుతామో అలాగే నోట్లో నీళ్ళు పోసుకుని ఫూ అని ఊదాను. తాగింది! నాలుక చాచి ఒక్కొక్క చుక్కా తీసుకుంది. నా నోటి నీళ్ళు తగిలితే తాకినట్టేనా అని అత్తయ్యను అడిగాను. "చెయ్యి కాదుగా" అన్నారు.

కానీ నిన్నటి నుంచి దాని రంగు పోయింది. ఒళ్ళంతా బూడిద రంగు. ఇవాళ వీపు మీద చర్మం చిరిగి వేలాడుతోంది. మొన్న మిరపకాయలు వేసిన మామిడి ఊరగాయ తిని, నోరు కడుక్కోకుండా ఊదాను. ఆ కారానికే దాని చర్మం ఊడిపోతోంది. మీరు ఇంటికి రాకుండా చేసింది నేనే. పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చాను.

ఇట్లు,
పాపాత్మురాలు సువావిత

తా.క.: దీన్ని తప్పకుండా కాల్చేయండి. మిడతలు నేను తిన్న సంగతి మీ పెద్దాయనకు తెలియకూడదు.

* * *

జూలై 1

సువావితా, ఏడవకు.

అది చావడం లేదు, పెరుగుతోంది. పాత చొక్కా పిగిలిపోతే లోపల కొత్తది ఉంటుంది. నీ ఊరగాయకు ఇందులో పాత్ర లేదు, అయినా నోరు కడుక్కుని ఊదు. చర్మాన్ని లాగొద్దు. తడి తగులుతుంటే దానంతట అదే వదిలిపోతుంది.

ఒక్కటి మాత్రం చూడు. కాలి వేళ్ళ చుట్టూ, తోక కొసన పాత చర్మం ఉంగరంలా బిగుసుకుంటుంది. పది రోజుల్లో పోకపోతే వేలు వాచి ఊడిపోతుంది. వాపు కనపడితే ఇక గరిటె పనికిరాదు. చేతి మీదకు ఎక్కించుకోవాలి. పై నుంచి పట్టుకోకూడదు, డేగ పట్టిందనుకుంటుంది. కిందనుంచి అరచెయ్యి పెడితే అదే ఎక్కుతుంది. గోరువెచ్చటి నీళ్ళలో ముంచిన దూదితో ఆ వేలిని బొటనవేలు, చూపుడు వేలు మధ్య ఇలా, చెవిలో గుసగుస చెప్పినంత మెత్తగా రుద్దాలి. రోజూ పొద్దున్నే, పది రోజులు. ఎక్కువసేపు పట్టుకోకు.

నాకు సెలవిచ్చారు. ఇరవయ్యిన వస్తాను. ఇరవై, ఇరవై ఒకటి, ఇరవై రెండు. పిల్లను చూడమనే పంపుతున్నారు, కానీ నేను ముందు చూసేది దాన్ని కాదు.

నీ తుంబు

తా.క.: ఎండ వచ్చింది. అగ్గిపెట్టె ఆరింది. ఉత్తరాలే ఎక్కడ పెట్టానో కనిపించడం లేదు.

* * *

జూలై 10

తుంబు గారికి నమస్కారాలు.

కుడి ముందరి కాలి వేలు వాచింది. మీరు చెప్పింది ఇవాళ పొద్దున మొదలుపెట్టాను. పది రోజులు చేయాలి.

అందుకని మీరు ఇరవయ్యిన రావద్దు.

కారణం రాయడానికి నాకు సిగ్గు. మీరే ఆలోచించుకోండి. అత్తయ్యకు అంతా తెలుసు. మీ ఉత్తరం రెండుసార్లు చదివించుకుని, "బోన్లు కడిగేవాడికి బొటనవేలు ఎక్కడ పెట్టాలో ఎలా తెలిసిందే?" అని అడిగారు. ఎవరో చేస్తుంటే చూసి ఉంటారన్నాను.

సెలవు ఇంకో నెలకు మార్చుకోండి. ఇది రాయడం నాకు పెద్ద మిడతను మింగినంత కష్టంగా ఉంది.

ఇట్లు,
సువావిత

తా.క.: కాల్చేయండి.

* * *

జూలై 13

సువావితా,

నీ ఉత్తరం చదివి మూడు రాత్రుళ్ళ నిద్ర ఒక్క మధ్యాహ్నంలోనే పోగొట్టుకున్నాను. బషీరు చెప్పేశాడు కదూ? నోరు విప్పొద్దని వాడికి ఎండుచేపలు కూడా ఇచ్చాను. చేపలు తిన్నాడు, నోరూ విప్పాడు.

అవును. అబద్ధం ఆడాను. బోన్లు కడగడానికే వచ్చాను, కానీ రెండో రోజే పెద్దాయన నా అరచేతిలో ఒకదాన్ని పెట్టాడు. అది నా వేళ్ళు పట్టుకుంది. అప్పటినుంచి రోజుకు అరవై పిల్లల్ని చేత్తో పట్టుకుంటాను. అన్నీ తుడుస్తాను, తినిపిస్తాను, చర్మం తీస్తాను. ఒక్కోదానికి మూడు రోజుల చొప్పున లెక్కేసి చూశాను. మన మనవలకు పెళ్ళిళ్ళయ్యాక కూడా నేను నీ పక్కన కూర్చోవడానికి వీల్లేదు. ఆ మనవలు ఎలా పుడతారో మాత్రం ఆ లెక్కలో తేలడం లేదు.

అమ్మకు ఇచ్చిన మాట తప్పాను. రావద్దన్నావు, రాను. వాకిట్లో నిలబడి చూసి వెళ్ళనిస్తావా? గడప దాటను. ముట్టుకోను. ఒక్క మాట రాయి. బషీరు పద్దెనిమిదిన ఇక్కడినుంచి బయలుదేరుతున్నాడు.

నీ తుంబు

తా.క.: ఇంకో అబద్ధం కూడా ఒప్పేసుకుంటున్నాను. నీ ఉత్తరాలు ఒక్కటీ కాల్చలేదు. తెల్లపొడి డబ్బాలో దాచాను. చలి ఎక్కువైనప్పుడు తీసి చదువుతాను.

* * *

జూలై 16

కొండల మీద ఉన్న నా తుంబుకు,

రాతకు క్షమాపణ అడగను. నవ్వి నవ్వి చెయ్యి కుదరడం లేదు.

బషీరు ఏమీ చెప్పలేదు. మీరు అంతా తిరగేసి అర్థం చేసుకున్నారు. నేను పదో తారీఖు నుంచి దాన్ని తాకుతున్నాను. పది రోజులు అంటే పందొమ్మిదికి అవుతుంది. దాని మీద మూడు రోజులు, ఇరవై రెండు. మీ సెలవు మొత్తం అయిపోతుంది. వచ్చి మూడు రోజులు ఎదురుగా కూర్చుంటే నేను తట్టుకోలేను, అందుకే రావద్దన్నాను. దాని వేలా, మీ సెలవా అని పొద్దున్నుంచి ఆలోచించి, అది బతికితేనే కదా మీరు ఎప్పటికీ ఇక్కడుంటారు అని అరచెయ్యి పెట్టాను. ఎక్కింది. చల్లగా, బరువు లేకుండా, మీరు చెప్పినట్టే వేళ్ళు పట్టుకుంది. నన్ను ఎవరైనా పట్టుకుని చాలా రోజులైంది.

మీ ఉత్తరం అత్తయ్యకు చదివి వినిపించాను. కోప్పడతారనుకున్నాను. ఆవిడ తెల్ల పళ్ళెంలో నీళ్ళు పోశారు. పోయిన పెద్దలను పేరుపేరునా పిలిచి, "పిల్లలు పొట్టకూటికి ముట్టుకున్నారు, ఎగతాళికి కాదు" అని చెప్పుకుని నా నెత్తిన చల్లారు. మీకోసం కొంచెం సీసాలో పోసి పెట్టారు. "అయిపోయింది, వాణ్ణి రమ్మను" అన్నారు.

"మరి మూడు రోజులో?" అన్నాను.

ఆవిడ తలుపు వేశారు. తర్వాత ఇలా అన్నారు: "తాకొద్దనేది పెద్దవాళ్ళ మాట. మూడు రోజులనేది ఆడవాళ్ళ మాట. ఆరుగురిని కన్నాక నాకు ఒంట్లో ఓపిక ఉండేది కాదే. పడవ దిగి వచ్చేవాడు మీ మామ. ఇవాళ ఊసరవెల్లి తగిలిందయ్యా అనేదాన్ని. మా అమ్మ నాకు చెప్పింది, వాళ్ళమ్మ మా అమ్మకు చెప్పింది. ఊళ్ళో ప్రతి ఇంట్లో ఉన్నదే ఇది. పాపం మీ మామ, ఎంత వెతికినా పెరట్లో ఒక్క ఊసరవెల్లీ కనపడదేంటే, నీకు నెలకు మూడెలా తగులుతున్నాయి అని ఆశ్చర్యపోయేవాడు."

వేలి వాపు తగ్గింది. ఉంగరం సగం వదిలింది. పిల్ల ఒళ్ళంతా కొత్త పచ్చ, పక్కన నీలం గీత. వెనిలా కొనేవాళ్ళ త్రాసులో పెట్టి చూశాను. వచ్చిన కొత్తలో ఒక పచ్చి వెనిలా కాయకు కూడా తూగలేదు. ఇప్పుడు రెండు కాయలు పెడితే ముల్లు నిలబడింది. మీ పెద్దాయనకు చెప్పండి.

పద్దెనిమిదిన బండెక్కండి. గడప దాటండి.

మీ సువావిత

తా.క.: మిగతా ఉత్తరాలు డబ్బాలోనే ఉంచుకోండి. దీన్ని మాత్రం నిజంగా కాల్చేయండి. బషీరు చదివితే ఊళ్ళో మొగవాళ్ళందరికీ తెలుస్తుంది, ఆడవాళ్ళు నన్ను బావి దగ్గరికి రానివ్వరు. మీరు కూడా చదివి మర్చిపోండి. ఆ మూడు రోజులు నాకు ఇప్పట్లో అక్కర్లేదు, చాలా ఏళ్ళ దాకా అక్కర్లేదు, కానీ ఇంట్లో ఉండాలి కదా. కాల్చానని చెబితే నమ్మను. బూడిద పొట్లం కట్టి తెండి. అత్తయ్య చేతికి మాత్రం ఇవ్వకండి, మొహానికి పూసుకుంటారు.