పదకొండో వాల్వు

జూనిపర్ ఫోర్క్
మార్చి 9

ప్రియమైన బావా,

నీ కోపం చల్లారిందో లేదో తెలియదు గానీ, నా ఉత్తరం చదవకుండా పొయ్యిలో పడేసే మనిషివి మాత్రం కావు. అక్క పోయాక నాకు మిగిలిన పెద్ద దిక్కు నువ్వే. ఆ చనువుతోనే రాస్తున్నాను.

నువ్వు ఫైర్ చీఫ్ పదవి వదిలేసి స్పొకేన్‌లో మీ తమ్ముడింట్లో కూర్చున్నప్పటినుంచీ ఇక్కడ మా తిప్పలు ఇన్నీ అన్నీ కావు. రెండొందల ఇళ్లకు నీళ్లివ్వాలన్నా, నిప్పార్పాలన్నా మన డిస్ట్రిక్టు సంస్థే కదా. ఉన్నది తొమ్మిది మంది వాలంటీర్లు, అందులో ఆరుగురికి మోకాళ్ల నొప్పులు. కొత్త చీఫ్ జొయాన్ పాపం పగలంతా బడి బస్సు నడిపి, సాయంత్రం స్టేషన్ పని చూసుకుంటోంది. భూమిలో నీళ్ల గొట్టాలకు పదకొండు వాల్వులున్నాయని అందరికీ తెలుసు. అవి ఎక్కడున్నాయో నీ ఒక్కడికే తెలుసు. మూడు ఆదివారాలు ఇనుప కడ్డీలతో నేల పొడిచాం. ఒక గుర్రపు నాడా, విరిగిన నాగలి ముక్క దొరికాయి.

జూన్ మూడున డిస్ట్రిక్టు బోర్డు ఓటింగు. వాల్వుల పటం లేకపోతే స్టేషన్ మూసేసి, ముప్పై మైళ్ల అవతల ఉన్న టౌన్ డిస్ట్రిక్టులో మనల్ని కలిపేస్తారు. అక్కణ్ణుంచి ఫైరింజన్ వచ్చేసరికి ఇక్కడ ఇంకేం మిగులుతుంది? ఒక్క కాగితం మీద గీసి పంపు బావా.

నీ మరదలు
లోర్నా


స్పొకేన్
మార్చి 20

ప్రియమైన లోర్నాకు,

'బోర్డు అధ్యక్షురాలి గారికి' అని మొదలెట్టబోయి, మరదలివి కదా అని ఊరుకున్నాను.

ముప్పై నాలుగేళ్లు చీఫ్‌గా చేసినవాణ్ణి పట్టుకుని 'అన్నీ రాసివ్వాలి' అని తీర్మానం పెట్టిందెవరు? నువ్వే. అందరికంటే ముందు చెయ్యెత్తిందీ నువ్వే. నా తలకాయేమన్నా చిల్లుపడిన కుండనుకున్నారా?

పటమెందుకు, చెబుతాను విను. హార్లన్ గాలిమర దగ్గర నిలబడి వాగు వైపు ముప్పై అడుగులేస్తే ఒకటి. పాల కేంద్రం దాటాక ఎడమ కంచె మూలన ఇంకొకటి. మిగతావీ అంతే. కళ్లున్నవాళ్లకు కనపడతాయి.

మా తమ్ముడు వర్జిల్ రోజూ చిక్కుడుగింజలే ఉడకేస్తున్నాడు. నువ్వు చేసే ఆపిల్ పైని తలచుకుంటూ మింగుతున్నాను.

నీ బావ
డెల్బర్ట్


జూనిపర్ ఫోర్క్
మే 5

ప్రియమైన మొండి బావా,

హార్లన్ గాలిమర కూలిపోయి ఇరవయ్యేళ్లయింది. పాల కేంద్రం ఉన్నచోట ఇప్పుడు గోధుమ చేను. మన ఊరివాళ్లమంతా ఇంతే, లేనివాటిని చూపించి దారి చెబుతాం. టౌన్ నుంచి వచ్చిన జొయాన్ "ఆ గాలిమర ఎక్కడండీ?" అని వారం రోజులు ఇంటింటికీ తిరిగింది. పైగా నువ్వు తాటిచెట్టంత మనిషివి. నీ అడుగులెక్కడ, మా అడుగులెక్కడ!

నిన్న రోడ్ల పక్కన గడ్డి కోయిస్తుంటే అక్క నాటిన ఐరిస్ పూల గుబుర్లు కనబడ్డాయి, అన్నీ ఊదారంగులో విచ్చుకుని. "ఇంటి ముందు నాటుకోక ఈ బీడులో ఎందుకే?" అని ఏడిపించేదాన్ని. "నోరు మూసుకుని దుంపలందించు" అనేది. జొయాన్ వాటినీ కోయించబోయింది.

"వదిలేస్తే ఎండిపోయి నిప్పందుకుంటాయి లోర్నా గారూ" అంది.

"అవంటే మా అక్కేనమ్మా. కోయనివ్వను" అని అడ్డం నిలబడ్డాను.

మన ఓటింగుకు నెలైనా లేదు. ఒక్క రోజు వచ్చి చూపించి వెళ్లు.

లోర్నా


జూనిపర్ ఫోర్క్
మే 19

బావా,

జవాబు లేదు. సరే.

శుక్రవారం మధ్యాహ్నం మేబెల్ స్ట్రౌడ్ గడ్డి కొట్టానికి నిప్పంటుకుంది. ఏడు నిమిషాల్లో ఇంజన్ వెళ్లింది. రోడ్డు మీది కుళాయికి పైపు తగిలించి తిప్పితే చుక్క నీళ్లు రాలేదు. "వాల్వు మూసుంది! ఎక్కడుందది?" అని జొయాన్ గొంతు చించుకుని అరుస్తుంటే మేమంతా ఇనుప కడ్డీలతో గడ్డిలో పొడుస్తూ తిరిగాం. చివరికి చెరువు నుంచి తోడి ఇల్లు కాపాడింది. కొట్టం పోయింది. మేబెల్ పిల్లిని చంకలో పెట్టుకుని "డెల్బర్ట్ ఉండుంటే..." అంటూ కూర్చుంది.

నాకు ఒళ్లు మండిపోయింది. అవును, నీమీదే. ముప్పై నాలుగేళ్లు అందరినీ నీమీదే ఆధారపడేలా చేసి, అలిగి వెళ్లిపోయావు. బోర్డులో ముగ్గురం. ఇద్దరు స్టేషన్ మూసేయడానికే మొగ్గుతున్నారు. ఇక నిన్ను బతిమాలను.

లోర్నా


స్పొకేన్
మే 23

ప్రియమైన లోర్నాకు,

నువ్వు తిట్టింది చాలదు. ఇది చదివాక ఇంకా తిడతావు.

నీ మొదటి ఉత్తరం అందిన రోజే పటం గీద్దామని కూర్చున్నాను. ఒక్క వాల్వు కూడా నికరంగా గుర్తు రాలేదు. నా తలలో ఎప్పుడూ ఏమీ లేదమ్మా. ఉన్నదంతా మీ అక్క చేతిలో ఉండేది. మేం వాల్వు పాతిన ప్రతిచోటా విల్మా ఓ ఐరిస్ దుంప నాటేది. "నీ మతిమరుపుకిదే మందు" అనేది. నేను జనం ముందు అడుగులు లెక్కపెట్టేవాణ్ణి, చూసేది మాత్రం ఆ గుబుర్లనే. అందరూ 'డెల్బర్ట్ జ్ఞాపకశక్తి' అని మెచ్చుకుంటుంటే కిక్కురుమనలేదు. ఇప్పుడు పెళ్లాం పూలు చూసి నెట్టుకొచ్చానని చెప్పుకోడానికి సిగ్గేసింది. నువ్వు వాటిని కోయనివ్వలేదని చదివి వర్జిల్ వంటింట్లో కూర్చుని ఏడ్చాను. అప్పుడైనా రాయాల్సింది. రాయలేదు.

ప్రతి గుబురుకూ ఉత్తరాన జానెడు దూరంలో తవ్వండి. పది దొరుకుతాయి. పూలు రాలకముందే జొయాన్ చేత పటం గీయించు.

పదకొండోది మేబెల్ ఇంటి దగ్గర, ఆ రోడ్డు కుళాయికి మాత్రమే నీళ్లు వదిలేది. అది విల్మా పోయిన మరుసటేడు వేశాం, దానికి పువ్వు లేదు. రెండేళ్ల క్రితం చలికాలంలో గొట్టం పగిలితే మూసింది నేనే. బాగుచేశాక మేబెల్ కాఫీకి పిలిచింది, వెళ్లాను. తెరవడం మరిచిపోయాను.

శనివారం బస్సుకు వస్తున్నాను. ఆమె గేటుకీ పోస్టు డబ్బాకీ మధ్య ఎక్కడో ఉంది, దొరికేదాకా నేనే తవ్వుతాను. జూన్ మూడున మీటింగులో నాకో కుర్చీ వేయించు. ఆ వాల్వు మూసింది నేనేనని మేబెల్ ముందు, జొయాన్ ముందు నా నోటితో చెప్పాలి. ఆ తర్వాత స్టేషన్ ఉంచుతారో మూస్తారో మీ ఇష్టం. ఉంచితే, జొయాన్ చెప్పినచోట పైపు మోస్తాను.

గడ్డపార సిద్ధంగా ఉంచు. విల్మా గుబుర్లలోంచి ఓ దుంప తీసి తడి గోనెలో చుట్టి పెట్టు. ఈసారి నేను నాటతాను. నువ్వు అందించు.

నీ బావ
డెల్బర్ట్