చిలక్కొయ్యకున్న మేకులు

చెల్లీ తీరా,

మంగళవారం పొద్దున నా ప్రార్థన అయ్యేసరికి అమ్మ కాఫీ కాచింది. నేను రొట్టెలోకి చీజ్ పలచగా కోస్తుండగా స్టాక్‌హోమ్ నుంచి సినిమా దర్శకురాలు వచ్చింది. మన చిన్న తమ్ముడు ఎలోఫ్ చనిపోయాక అమ్మ రాసిన పిల్లల పుస్తకాన్ని సినిమాగా తీస్తారట. పుస్తకంలో మంచు విరిగి పిల్లవాడు సరస్సులో మునిగిపోతాడు కదా, సినిమాలో బతుకుతాడట.

"లేకపోతే పిల్లలు ఏడుస్తారండీ," అంది.

"ఏడవనీ అమ్మాయ్. ముక్కులు తుడవడానికి తల్లులు లేరా?" అంది అమ్మ. "ఇంతకీ ఎలా బతుకుతాడు?"

"మంచు మీదికి వెళ్లేవాళ్ల మెడలో మేకుల తాడుంటుంది కదండీ. ఆ మేకులు మంచులో గుచ్చి పైకి పాకుతాడు."

అమ్మ కప్పు కింద పెట్టేసింది. ఆ రోజు ఎలోఫ్ మరిచిపోయి వెళ్లిన మేకులు ఇంకా తలుపు పక్కన చిలక్కొయ్యకే ఉన్నాయి.

సాయంత్రం అందరం కూర్చున్నాం. "అది మన కథ కాదక్కా, వద్దు," అన్నాడు తమ్ముడు రూనే.

"జరిగింది పుస్తకంలో రాశాన్రా. సినిమాలోనైనా బతకనీ," అంది అమ్మ.

చివరికి ఒప్పుకున్నాం. అమ్మ షరతు ఒక్కటే: సినిమాలో ఆ పిల్లవాడి మెడలో ఎలోఫ్ మేకులే ఉండాలి. తాడు చివికిపోయింది. పంపేముందు నేను కొత్తది కడతాను.

ప్రభువు నీకు తోడుండుగాక.

అక్క