నువ్వు కూర్చున్న హాలు

ఏమయ్యా... నేను, యాదమ్మను. ఎట్లా ఉన్నావని అడగాలో వద్దో తెలియడం లేదు. నువ్వు పోయి ఎనిమిది నెలలయింది.

ఇంట్లో నేనూ అత్తమ్మా ఇద్దరమే. కారు అమ్మేశాం. ఎయిర్‌పోర్టు పార్కింగులో నీకు గుండెనొప్పి వచ్చింది అందులోనే కదా... దాన్ని వాకిట్లో పెట్టుకుని రోజూ చూడటం మా వల్ల కాలేదు. నేను గోదాం డ్యూటీకి పోయి వస్తున్నాను. శంషాబాద్‌లో మిగిలిన చేలల్లో కూడా ప్లాట్ల రాళ్లు పాతుతున్నారు. తలమీదుగా విమానం పోతుంటే అత్తమ్మ మాట ఆపేసి, అది పోయాక మళ్లీ అందుకుంటుంది. అది మాత్రం మారలేదు.

ఇంతకూ సంగతేమిటంటే, మొన్న పాటల పండుగకు పోయాను. ఒక్కదాన్నే.

సిటీలో ఏటా నాలుగైదు చోట్ల ఒకేసారి జరిగే ఆ పండుగ మనదాకా ఎట్లా వచ్చిందో గుర్తుందా? ఎయిర్‌పోర్టు కొత్తగా తెరిచిన రోజుల్లో నీ కారెక్కిన ముసలాయన, వాయిద్యం పెట్టెను డిక్కీలో పెట్టనివ్వకుండా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడన్నావు. దిగేటప్పుడు నీ చేతిలో రెండు పాసులు పెట్టిపోయాడు. నాగలి వదిలి స్టీరింగు పట్టిన మనిషివి, నీకు కచేరీలు ఏమిటని నేను నవ్వాను. నువ్వేమో ఆ ఏడే కాదు, ఏటా తీసుకుపోయావు.

మొదటిసారే ఒక పద్ధతి పెట్టావు. "ఇద్దరం ఒక్కకాడ కూసుంటె సగమే దొరుకుతది యాదమ్మా. నువ్వొకటి విను, నేనొకటి వింట. తొవ్వల మార్చుకుందాం." నేను జానపదాల మైదానానికి, నువ్వు నాంపల్లి వైపు హాలుకు. తిరిగి వచ్చేటప్పుడు కారులో నా పాటలు నీకు పాడి వినిపించేదాన్ని. నువ్వు నీ పాటల్లో ఏముందో చెప్పేవాడివి. దారిలో అయిపోకపోతే అన్నం తింటూ చెప్పేవాడివి.

బావిలో బొక్కెన జారిపోయి, ఇంటికి పోవడానికి భయపడి పొద్దుగూకేదాకా గట్టుమీదే కూర్చున్న పిల్ల... ఎండలో ఊరికి నడిచొచ్చి, తలుపుకు గొళ్లెం చూసి, అరుగు మీద పడుకున్న మనిషి... ఆ మనిషి సంగతికి నేను ముద్ద మింగలేకపోయాను. ఏ భాషలో పాడాడని అడిగితే, "ఏ భాషైతేంది, నాకు సమజైంది" అన్నావు. అంత అర్థమయ్యే మనిషివని మురిసిపోయాను.

ఈసారి పోవాలా వద్దా అని చాలా కొట్టుమిట్టాడాను. ఏడాది మాసికం కాకుండా ఇట్లాంటివాటికి పోతే వాడకట్టు ఊరుకుంటుందా? అత్తమ్మను అడగడానికే రెండు రోజులు నోరు రాలేదు. అడిగితే ఆమె తల కూడా ఎత్తకుండా బియ్యం చెరుగుతూ, "పోయి రా బిడ్డా. మావోడు వినేది ఏదో విని, నాకు గూడ జర చెప్పు" అంది.

అందుకే మైదానానికి పోలేదు. నీ హాలుకే పోయాను. నువ్వు ఏం వినేవాడివో నా చెవులతో నేను వినాలి అనిపించింది. అట్లా వింటే నువ్వు కాస్త దగ్గరవుతావనుకున్నాను, అంతే.

మధ్యాహ్నం కచేరీ. చివరి వరుసలో కూర్చున్నాను. ఏసీ చలికి కొంగు నిండా కప్పుకున్నాను. చుట్టూ అందరూ జంటలు జంటలుగా, గుంపులు గుంపులుగా ఉన్నారు. వేదిక మీద ఇద్దరు. ఒకాయన ఒళ్లో తీగల వాయిద్యం, ఇంకొకాయన ముందు తబలా. మొదలుపెట్టారు. నేను పాడేవాళ్ల కోసం చూస్తున్నాను. మన దగ్గర డప్పు కొడితే వెనకాలే పాట వస్తుంది కదా... వాయిద్యం ఉన్నాక పాట లేకుండా ఎట్లా ఉంటుంది? పాడేటాయన పెద్ద మనిషి అయి ఉంటాడు, ఆలస్యంగా వస్తాడు అనుకున్నాను.

చాలాసేపయింది. ఎవరూ రాలేదు. జనం చప్పట్లు కొడుతున్నారు, నేను పక్క తలుపు వైపే చూస్తున్నాను. ఉండబట్టలేక పక్కనున్న పెద్దావిడను అడిగాను, "పాడేటాయన ఎప్పుడొస్తడమ్మా?" అని.

ఆవిడ మర్యాదగానే చెప్పింది. "పాడటం ఉండదండీ. ఈ హాల్లో ఏటా వాద్య కచేరీలే పెడతారు. పాటలు కావాలంటే వేరే చోటికి వెళ్లాలి."

ఏటానా? మొదటి నుంచీనా?

నాకు కోపం వచ్చిందయ్యా. నిజం చెబుతున్నాను, నువ్వు ఎదురుగా ఉంటే నాలుగు దులిపేదాన్ని. మరి ఆ బావి దగ్గరి పిల్ల ఎవరు? అరుగు మీద పడుకున్న మనిషి ఎవరు? ఒక్క మాట కూడా లేని చోట కూర్చుని వచ్చి, నన్ను అన్నం దగ్గర ఏడిపిస్తావా? తర్వాత నవ్వు వచ్చింది. ఆ తర్వాత ఏడుపు. పక్కావిడ నన్ను చూసి, వాద్యం బాగా నచ్చిందనుకుందేమో, తలూపింది.

అవన్నీ ఆ తీగల్లో నీకు నిజంగా వినబడ్డాయా? లేక నా పాటలు అయిపోయాక నేను ఊరికే కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటానని, స్టీరింగు ముందు కూర్చుని అల్లావా? ఎవరిని అడగాలి ఇప్పుడు?

కళ్లు మూసుకుని నేనూ విన్నాను. బావి లేదు, అరుగు లేదు. తీగలు మోగుతున్నాయి, ఎవరో దగ్గుతున్నారు. అంతమంది మధ్య అంత ఒంటరిగా ఈ ఎనిమిది నెలల్లో ఎప్పుడూ లేను. ఇంట్లో కనీసం నువ్వు లేవని ఇద్దరికి తెలుసు.

బస్సెక్కి వచ్చాను. దారి పొడుగునా చెప్పేవాళ్లూ లేరు, వినేవాళ్లూ లేరు.

అత్తమ్మ అన్నం వండి పెట్టుకుని కూర్చుంది. చేతులు కడుక్కోకముందే, "ఏం పాడిండ్రు బిడ్డా?" అంది. "మావోడు నీకు చెప్తుంటె నేను గోడవతల పండుకొని అన్నీ ఇనేదాన్ని" అంది.

నీకు తెలుసా ఆ సంగతి?

పాటే లేదని ఎట్లా చెప్పేది... ఆమె ముఖం చూశాక నా వల్ల కాలేదు. నోరు తెరిచాను. "ఒకామె అత్తమ్మా, ఎయిర్‌పోర్టుల బయట కటకటాల కాడ నిలబడ్డది. విమానాలు దిగుతనే ఉన్నయి. మంది పెట్టెలు తోసుకుంట బయటికొస్తున్నరు. ఆమె ఒక్కొక్కల మొహం చూస్తున్నది..."

ఎక్కడి నుంచి వచ్చిందో నాకే తెలియదు. హాల్లో అయితే వినలేదు. చెబుతుంటే వచ్చింది.

అత్తమ్మ చేతిలో ముద్ద అట్లాగే ఉంది. "వచ్చిండా మరి?" అంది.

"మంది ఇంకా వస్తనే ఉన్నరు అత్తమ్మా" అన్నాను.

ఆమె ఆ ముద్దను మళ్లీ పళ్లెంలో పెట్టింది. "అయితె ఇంకా జరసేపు నిలబడుమను" అంది.

ఉంటాను మరి. అత్తమ్మను నేను చూసుకుంటాను, నువ్వు రంది పెట్టుకోకు.

నీ
యాదమ్మ