ఆరు మెట్ల సంజాయిషీ

మార్చి 3

మా మెట్రో జంక్షన్ స్టేషన్‌కి ముప్పై ఏళ్ళు నిండుతున్నాయట. పుస్తకం వేస్తారట. రాసేది నేనట. డ్రాయింగ్ ఆఫీసులో ఆనాటి నుంచీ మిగిలినదాన్ని నేనొక్కదాన్నేనని డైరెక్టరు కనిపెట్టాడు. ఆ స్టేషన్ గురించి ఆయనకి తెలిసిందల్లా తన కారు ఏ గేటు దగ్గర ఆగుతుందో, అంతే. ఎనభై పేజీలు కావాలన్నాడు. డెబ్భై ఫోటోలకి, పది చరిత్రకి. ఆ పదీ దండగే అన్నట్టు మొహం పెట్టాడు.

మార్చి 6

చరిత్ర ఇదీ. మొదటి లైను వాళ్ళు రోడ్డు తవ్వి, కాంక్రీటు పెట్టె కట్టి, మళ్ళీ మూత వేశారు. తరవాత రెండో లైను వాళ్ళు దాని కింద ఇంకో పది మీటర్ల లోతున సొరంగం తొలిచారు. రెండు టీములూ సవతుల్లా ఉండేవి. ఒకరి డ్రాయింగు ఇంకొకరికి చూపించమంటే ప్రాణం పోయేది.

రెండు లైన్లనీ కలిపే నడవ మా టీము వంతు. డిజైన్ చాలా గొప్పది, కాగితం మీద. ఎస్కలేటర్ దిగితే చాలు, ఆపైన నూట ఇరవై మీటర్లు ఒక్క మెట్టు లేకుండా నడిచి రెండో లైను ప్లాట్‌ఫారం ఎక్కెయ్యొచ్చు. చివరి గోడ పగలగొట్టిన రోజు ఆ ప్లాట్‌ఫారం మా నడుం పైన కనిపించింది. నూట ఎనిమిది సెంటీమీటర్ల తేడా. అయ్యవారిని చెయ్యబోతే కోతి అయింది. ఆదరాబాదరాగా ఆరు మెట్లు కట్టారు, ఒక్కోటి పద్దెనిమిది సెంటీమీటర్లు. చక్రాల కుర్చీలో వచ్చినవాళ్ళు ఈరోజుకీ వెనక్కి వెళ్ళి, రోడ్డు మీదికొచ్చి, ఇంకో గేట్లోంచి దిగాలి.

మా చీఫ్ ఆర్కిటెక్టుని వెనకాల మహాశిల్పి అనేవాళ్ళం. ఒక లైను వదిలి ఇంకో లైను పట్టుకునే ముందు మనిషి ఒక్క క్షణం తనలోకి తాను చూసుకోవాలని, ఆ మెట్లు అందుకేనని పత్రికలకి చెప్పుకున్నాడు. తప్పు చేసి తత్త్వం చెప్పడం ఆ మహానుభావుడి దగ్గరే నేర్చుకోవాలి. ఆయనకి అవార్డు కూడా ఇచ్చారు.

తప్పు మట్టాలు చూసి నడవ తవ్వించిన సర్వేయరుది. విచారణ జరిగింది, ఉద్యోగం ఊడింది. పుస్తకంలో వాడికి ఒక వాక్యం చాలు.

మార్చి 7

మహాశిల్పి ఫోను చేశాడు. మెట్లకి రెండు పేజీలు కావాలట, కలర్లో.

మార్చి 11, మధ్యాహ్నం 1.10

సర్వేయరు భార్య వచ్చింది. సరిగ్గా నేను బాక్సు మూత తీసిన నిమిషానికి. స్కూల్లో ఆయాగా చేసి రిటైరైందట. ఆ గొడవ తర్వాత ఆయన్ని ఎవరూ సర్వే పనికి పిలవలేదట, ఇన్నేళ్ళూ ఇనుప సామాన్ల కొట్లో బోల్టులు తూచాడట. మనవరాలు ఇంజనీరింగు చదువుతోందట. ఈ పుస్తకం ఆ కాలేజీ లైబ్రరీకి వెళ్తుందట. తాత చేతకానివాడని ఆ పిల్ల అచ్చులో చదవకూడదట.

పొగడమని అడగను మేడం, ఊరికే ఆ నడవ డ్రాయింగు అసలు షీటు ఒక్కసారి చూడండి, కాపీ కాదు, అసలుది అంది. చూస్తానండీ అన్నాను, ఆవిడ వెళ్తే చాలని.

మార్చి 12

ఇంట్లో అక్కకి చెప్పి నవ్వాను. అప్పట్లో అతన్ని కొశ్చెన్ మార్కు అనేవాళ్ళం. ఏ షీటు పంపినా ఏదో ఒక సందేహం పెన్సిలుతో గీకి పంపేవాడు. పని తక్కువ, ప్రశ్నలెక్కువ. అతని ఉద్యోగం పోయిన రోజు పీడ విరగడైందని అందరం టీలు తాగాం.

అక్క నవ్వలేదు. షీటు చూస్తే నీ సొమ్మేం పోయిందే అంది.

మార్చి 17, ఉదయం 11.30

రికార్డు రూములో రెండు గంటలు దుమ్ము తిన్నాక షీటు దొరికింది.

మార్చి 17, సాయంత్రం 5.45

ఈ పేజీ ఖాళీగా వదిలేద్దామనుకున్నాను. అయినా రాస్తాను.

గీసిన మనిషి కాకుండా ఇంకొకరు లెక్క చూడాలని రూలు. సరిపోయిన ప్రతి అంకె మీదా పసుపు పెన్సిలు పుయ్యాలి. మేం ఏం చేసేవాళ్ళం? మధ్యాహ్నం తిండి అయ్యాక షీట్లు మార్చుకుని, కబుర్లు చెప్పుకుంటూ అన్నిటికీ పసుపు పూసేవాళ్ళం. లెక్క ఎవడు చూశాడు! నా పూత నీటుగా ఉంటుందని నాకు పేరు కూడా.

రెండో లైను వాళ్ళు ఇచ్చిన మట్టం అంకె ఆ షీట్లో ఉంది. పక్కన లేత పెన్సిలుతో సర్వేయరు రాత. ఇది పట్టాల మట్టమా, ప్లాట్‌ఫారం మట్టమా? కనుక్కుని చెప్పండి, అప్పుడు తవ్విస్తాను. అంకె పట్టాలది. మేం ప్లాట్‌ఫారందనుకుని నడవ నేలని ఆ మట్టానికే గీశాం. పట్టాలకీ ప్లాట్‌ఫారానికీ మధ్య నూట ఎనిమిది.

అంకె మీద పసుపు. ఆయన ప్రశ్న మీద కూడా పసుపు, నీటుగా, అంచులు దాటకుండా. తనిఖీ గడిలో పొట్టి సంతకం. నాది.

పసుపు పడి వచ్చిందంటే జవాబు దొరికినట్టే. ఆయన తవ్వించాడు.

విచారణకి వెళ్ళింది దాని బ్లూప్రింటు కాపీ. లేత పెన్సిలూ అందులో పడలేదు, పసుపూ పడలేదు. నేను అడిగాను అని ఆయన మొత్తుకుంటే కమిటీవాళ్ళు నన్ను పిలిచారు. ఏమైనా ప్రశ్న వచ్చిందా అన్నారు. ఆయన రోజుకి పది రాస్తాడండీ, ఏది గుర్తుంటుంది అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఛీ.

మార్చి 18

జ్వరమని సెలవు పెట్టాను. జ్వరం లేదు.

మార్చి 20

అక్కకి చెప్పాను. ఓదారుస్తుందేమో అనుకున్నాను, ఎంత ఆశ! ముప్పై ఏళ్ళుగా మీ ఆఫీసులో అందరి తప్పులూ అన్నంతోపాటు నాకు వడ్డించావు కదే, నీది మాత్రం చట్టిలోనే ఉంచుకున్నావా అంది. గుర్తు లేదే అన్నాను. గుర్తు లేకుండా ఉండటానికి నువ్వు పడ్డ కష్టం నేను చూశాలే అంది.

మార్చి 24

పుస్తకంలోకి జరిగింది జరిగినట్టు ఒక పేరా రాసి ఇచ్చాను. డైరెక్టరు చదివి, పుణ్యకాలంలో ఈ పాత కుంపటి ఎందుకమ్మా, రెండేళ్ళలో రిటైరైపోతారు, హాయిగా ఉండండి అన్నాడు. నా ముందే కొట్టేశాడు. మహాశిల్పికి రెండు పేజీలూ ఖాయం.

తప్పు సర్వేయరుదన్న వాక్యమైనా తీసెయ్యమన్నాను. అదొక్కటి ఒప్పుకున్నాడు, దయామయుడు. అంటే ఆ మనిషి చేతకానివాడు కాదు, అసలు లేనే లేడు.

ఏప్రిల్ 2

మెట్ల దగ్గర గోడకి ఒక బోర్డు పెడుతున్నారు. దాని మేటరు కూడా నా నెత్తినే పడింది. ఇలా రాశాను:

ఈ ఆరు మెట్లు డిజైన్ కాదు, పొరపాటు. ఒక్కొక్కటి పద్దెనిమిది సెంటీమీటర్లు. తవ్వకముందే సర్వేయరు అనుమానపడి అడిగారు. ఆ ప్రశ్నకి జవాబు కనుక్కోకుండా, లెక్క చూడకుండా సంతకం చేసింది నేను.

కింద ఆయన పేరు, నా పేరు, పూర్తిగా. ప్రూఫుని గేట్ల బోర్డులూ టాయిలెట్ల బోర్డులూ కలిపి నలభై ప్రూఫుల మధ్యలో పెట్టి డైరెక్టరుకి పంపాను.

ఏప్రిల్ 4

నలభైకి నలభై సంతకాలూ వచ్చాయి. ఒక్కటీ చదవలేదు. నవ్వుదామనుకున్నాను, రాలేదు.

ఏప్రిల్ 17

బోర్డు బిగించారు. మధ్యాహ్నానికి మెమో వచ్చింది. డైరెక్టరు అరుస్తుంటే ఆయన సంతకం ఆయనకే చూపించాను. సోమవారం బోర్డు పీకించేస్తాడట. సర్వేయరు భార్యకి ఫోను చేసి, మీ ఆయన్ని రేపే మెట్ల దగ్గరికి తీసుకురండి అన్నాను. ఆయన వస్తాడో రాడో చెప్పలేనంది.

ఏప్రిల్ 18, ఉదయం 10.15

వచ్చాడు. నన్ను దాటి నేరుగా గోడ దగ్గరికి వెళ్ళాడు. బోర్డు రెండుసార్లు చదివాడు. జేబులోంచి స్టీలు టేపు తీసి, మోకాళ్ళ మీద కూచుని, ఒక్కో మెట్టూ కొలిచాడు. జనం ఆయన్ని తప్పుకుంటూ పోయారు. ఆరోది అయ్యాక లేచి, నా వైపు చూడకుండా, లెక్క సరిగ్గానే ఉంది అన్నాడు.