మరకలు పోయిన పుస్తకం

బుధవారం, పొద్దున

చిరంజీవి బుడ్డోడికి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం అని రాయడం మర్యాద కాబట్టి రాశాను. నువ్వూ మరదలూ కులాసా అని తలుస్తాను. మర్యాద అయిపోయింది, ఇక తిట్లు.

అమ్మ చిట్కాల పుస్తకం నువ్వు పాత కాగితాలు బాగుచేసే ఆర్కైవ్స్‌కి ఇస్తానంటే సరేనన్నది నేనే. ఇంట్లో చెదలు తినేకన్నా అక్కడ బీరువాలో ఉండటం నయమనుకున్నాను. నా గొంతు పోయిన సంగతి నీకు తెలుసుగా. కూరగాయల మార్కెట్లో వేలం వేసేదానికి గొంతు పోతే ఇంకేముంది? నా బదులు గుమాస్తా కేకలేస్తున్నాడు. ధర పెంచమంటున్నాడో అప్పు అడుగుతున్నాడో ఎవరికీ అర్థం కావడం లేదు. అమ్మ గొంతు కషాయం రాసుకొచ్చి కాచుకుందామని, నువ్వు సెలవులో ఉన్నప్పుడు మీ ఆఫీసుకి వెళ్లాను.

సిరా పడుతుందని నా పెన్ను తీసేసుకుని, పెన్సిల్ చేతికిచ్చి, పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టారు. తెరిచి చూశాను. పేజీలన్నీ ఉతికి ఆరేసినట్టున్నాయి, ఒక్క మరక లేదు. అంతా మీ తమ్ముడి పనితనమేనండీ అని అక్కడి ఆవిడ ఒకటే మురిసిపోవడం.

ఒరేయ్, అమ్మ ఏ మందుకీ పేరు రాయలేదురా. రాస్తే పక్కింటావిడ చూసి ఎత్తుకుపోతుందని భయం. మేం మరక చూసి పేజీ పట్టేవాళ్లం. నూనె కారింది కాలిన పుండ్లకి, పసుపు అంటింది దెబ్బలకి, గిన్నె అడుగు నల్లగా గుండ్రంగా పడింది గొంతుకి. అమ్మ పోయేనాటికి నువ్వు నా చంకలో ఉన్నావు, నీకేం తెలుస్తుంది? నేనైనా ముందే చెప్పి ఉండాల్సింది. కానీ మరకలు కడిగేస్తావని కలగన్నానా? కొండనాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడినట్టయింది నీ శుభ్రం.

పుస్తకంలో కషాయాలు నాలుగున్నాయి. అన్నిట్లోనూ అల్లం, మిరియాలు, అతిమధురం ఉన్నాయి, మిగతా దినుసులే వేరు. నాలుగూ రాసుకొచ్చాను. మొదటిది కాచి తాగితే గొంతు సంగతి దేవుడెరుగు, విరేచనాలు పట్టుకుని మర్నాడు సాయంత్రం దాకా గడప దాటలేకపోయాను. మీ బావ నవ్వాపుకోలేక వీధిలోకి వెళ్లిపోయారు. మిగతావి ముట్టుకునే ధైర్యం లేదు. అరుద్దామంటే గొంతు లేదు, అందుకే ఈ ఉత్తరం.

నీ పనికి మెచ్చుకోలు పత్రం కూడా ఇచ్చారట. గోడకి తగిలించుకో. నాకు మాత్రం చూపించకు.

ఇట్లు,
ఒళ్లు మండిపోతున్న మీ అక్క

తా.క.: క్షేమం అని రాసింది అబద్ధం. ఇది కషాయాలతో తగ్గేది కాదట. గొంతులో గడ్డ ఉంది. సోమవారం ఆపరేషన్, ఆ తర్వాత మాట రాదని డాక్టరు చెప్పేశాడు. ఈలోగా అమ్మ కషాయం ఒక్కసారి నాలిక్కి తగలాలనుకున్నాను, అంతే. ఆదివారం లోపు రా. ఇంకా కాస్త బొంగురు మిగిలుంది. నిన్ను నోరారా తిట్టుకోవాలి.